అరువు చేతులు

వెల్‌మార్ష్, 1636 ఏప్రిల్ 27

క్రిస్పిన్‌కు,

మీ అక్క డామరిస్ గురువారం ఉదయం పోయింది. నవంబరులో పాప చనిపోయి పుట్టిన దగ్గర్నుంచి ఆమె సరిగా లేవలేదు. చివరి వారం జ్వరం దిగలేదు.

నీకు ముందే రాయాల్సింది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆమె పిలిచేది. కొన్నిసార్లు పిలవకపోయినా పిలిచినట్టు వినపడేది.

పాదిరిగారు చర్చి ఆవరణలో చోటివ్వలేదు. మీ బిషప్ కోర్టు ఫిబ్రవరిలో ఆమెను వెలివేసింది. వెలిలో పోయిన మనిషికి గంట మోగదు, ప్రార్థన చదవరు, ఆ మట్టి దక్కదు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. బడి తోటలో, చర్చి గోడకు ఇవతల, నేనే పూడ్చాను. మంత్రసాని టామ్సిన్ తప్ప ఎవరూ రాలేదు.

నువ్వు రావద్దు. దారులు బురదగా ఉన్నాయి. వచ్చి చూసేదీ లేదు.

ఆంబ్రోస్


నగరం, మే 4

బావా,

మనిషి పోతే పదిహేను వాక్యాలా? అందులో ఒకటి దారుల గురించి!

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. బడికి పుస్తకాలేవో కావాలని రాశావనుకున్నాను. చదివాక ఏం చేశానో గుర్తు లేదు. పక్క బల్ల గుమాస్తా నా సిరాబుడ్డి తీసి పక్కన పెట్టి, "ఇంటికెళ్ళవయ్యా" అన్నాడు. ఇంటికెళ్ళి ఏం చేయను? ఇంట్లో అక్క పేరు తెలిసినవాళ్ళెవరూ లేరు. మళ్ళీ ఆఫీసుకే వచ్చాను.

ఒక్క తెల్ల ముసుగు, బావా. పురుడు తీరిన ఆడది తల మీద ముసుగు వేసుకుని చర్చికెళ్ళి, దేవుడు ప్రాణం నిలిపాడని వందనం చెప్పుకుని రావడం ఎంత సేపు? అక్క ముసుగు లేకుండా వెళ్ళి కూర్చుంది. పాదిరి మాకు రాశాడు. మేం కోర్టుకు పిలిచాం. రాలేదు. వెలి ముసుగు కోసం కాదు, పిలిస్తే రానందుకు. అప్పుడు నేను బిషప్‌గారి వెంట పర్యటనలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వెలి చదివేశారు. మంచం మీద ఉందని ఎవరైనా ఒక ముక్క చెబితే ఆపేవాణ్ణి కదా! నువ్వు కేంబ్రిడ్జిలో చదివింది దేనికి? నాకు లాటిన్ నేర్పింది నువ్వే, నా దగ్గరికి ఒక చీటీ పంపలేకపోయావా?

సరే. కోపం అయిపోయింది. ఇప్పుడు విను. పోయినవాళ్ళ వెలి కూడా తీయొచ్చు. మా చట్టంలో దారి ఉంది. పోయే ముందు పశ్చాత్తాపపడినట్టు ఒక గుర్తు చూపిస్తే చాలు. ఒక మాట, ఒక సైగ, చేతులు జోడించడం, ఏదైనా. అప్పుడు అక్కను అమ్మానాన్నల పక్కన పెట్టుకోవచ్చు. పాదిరి నోరెత్తలేడు.

చివరి రోజుల్లో అక్క ఏం చేసింది, ఏం అడిగింది? అన్నీ రాయి. ఈసారి పదిహేను వాక్యాలు దాటనివ్వు.

నీ క్రిస్పిన్


వెల్‌మార్ష్, మే 11

క్రిస్పిన్‌కు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ముసుగు ఎందుకు వేసుకోలేదని నేనూ అడిగాను, డిసెంబరులో. "ఏం ఎత్తుకొచ్చానని ముసుగు?" అంది. దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

చివరి వారం మాటలు తక్కువ. రొట్టె పాలలో నానబెట్టి ఇస్తే రెండు ముద్దలు తినేది. వెలుతురు కళ్ళను బాధపెట్టేది. బుధవారం తెల్లగుడ్డ ఒకటి అడిగి మొహం మీద కప్పించుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నీ సంగతి అడిగింది, ఇంకా గోళ్ళు కొరుకుతున్నావా అని.

పాప సంగతి నువ్వు అడగలేదు. బాప్తిస్మం లేని పాపకు కూడా ఆ ఆవరణలో చోటు లేదు. నవంబరులో గోడకు ఇవతలే పెట్టాను. డామరిస్ కిటికీలోంచి అటే చూస్తూ ఉండేది.

కోర్టులో ఏమీ అడగకు. ఆమె ఉన్న చోట ఉండనివ్వు.

ఆంబ్రోస్


నగరం, మే 30

బావా,

గెలిచాం!

ఎలా జరిగిందో చెబుతాను, నువ్వు లేకపోయావని బెంగపడకుండా. మా జడ్జి డాక్టర్ పెంఫ్రెట్ భోజనం తర్వాత కాస్త మెత్తబడతాడు, అది చూసుకునే కేసు పిలిపించాను.

"ఆమె ముసుగు అడిగిందంటావు?" అన్నాడు.

"అడిగింది, ప్రభూ. తెల్లది. తనంతట తానే. తల మీద కప్పించుకుంది."

అవతలి వకీలు లేచాడు. వాడికి ముక్కుతో మాట్లాడే రోగం. "జ్వరంలో అడిగిన గుడ్డ పశ్చాత్తాపమైతే, చలికి అడిగిన దుప్పటి బాప్తిస్మమా, క్రిస్పిన్?" కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఓడిపోయినట్టు ఉంటుంది.

డాక్టర్ పెంఫ్రెట్ నవ్వలేదు. "పిలిచినప్పుడు రాని మనిషి పోయే ముందు వచ్చింది. క్రైస్తవ సంఘం తల్లి లాంటిది, తలుపేసుకోదు," అన్నాడు. వెలి తీసేశాడు. నేను రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి, మళ్ళీ రాయాల్సొచ్చింది.

వచ్చే వారం చర్చిలో సమాధులు తవ్వే హాబ్ వచ్చి గొయ్యి తీస్తాడు. చర్చి పెద్దలకు ఆజ్ఞ పంపాం. అమ్మకు ఎడమ పక్క చోటుంది. గంట కూడా మోగిస్తారు, అడిగి మరీ రాయించాను. అక్క ఇక బయట ఉండదు, బావా. కుక్కలూ పందులూ తిరిగే చోట మా అక్క ఉందని రోజూ అనుకుంటూ పడుకుంటున్నాను. ఇక అనుకోనక్కర్లేదు.

ఒక్కసారైనా నవ్వుతూ ఉత్తరం రాయి.

క్రిస్పిన్


వెల్‌మార్ష్, జూన్ 6

క్రిస్పిన్‌కు,

అది ముసుగు కాదు. వెలుతురుకు అడ్డం పెట్టుకున్న గుడ్డ. అలాగే రాశాను. డాక్టర్ పెంఫ్రెట్‌కు కూడా ఈ రోజే అదే రాసి పంపాను. ఆమె పశ్చాత్తాపపడలేదు. పడాల్సింది ఏమీ చేయలేదు.

నిన్న హాబ్ వచ్చాడు. గేటు బయట నిలబడి టోపీ తీశాడు.

"గేటు తీయండి, మాస్టారూ. అమ్మగారిని మంచి చోటికే తీసుకెళ్తాం. అక్కడ కింద నీళ్ళు కూడా ఊరవు."

"ఏప్రిల్‌లో ఆ చోటు ఎక్కడికి పోయింది, హాబ్?"

"నాకేం తెలుసండీ. తవ్వమంటే తవ్వుతాను, పూడ్చమంటే పూడుస్తాను. బుర్రతో పని చేస్తే నాకు ఈ పని ఎవరిస్తారు?"

మంచివాడే. వెళ్ళిపోయాడు. వెనక చర్చి పెద్దలు ఇద్దరు నిలబడ్డారు, లోపలికి రాలేదు. తోట కౌలు నా పేరు మీద ఉంది. నేను రమ్మనకుండా అందులో కాలు పెట్టే హక్కు బిషప్‌కు లేదు. అది వాళ్ళకు తెలుసు.

ఆ గొయ్యి తెరవనివ్వను. ఇంక దీని మీద కష్టపడకు.

ఆంబ్రోస్


నగరం, జూన్ 20

బావగారికి,

'గారు' ఎందుకు పెట్టానో తెలుస్తూనే ఉంటుంది.

నువ్వు రాసింది డాక్టర్ పెంఫ్రెట్ పైకి చదివించాడు. నా చేతే చదివించాడు. "పడాల్సింది ఏమీ చేయలేదు" దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. ముక్కు వకీలు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

ఇచ్చిన తీర్పు మాత్రం వెనక్కి తీసుకోరు. తీసుకుంటే కోర్టు ఒక గుడ్డముక్కకు మోసపోయిందని అందరూ అంటారు. అంచేత అక్క ఇప్పుడు సంఘం మనిషి, సంఘం మట్టిలోనే ఉండాలి. అడ్డు పడుతున్నది నువ్వు. వచ్చే నెల మొదటి మంగళవారం కోర్టుకు రమ్మని నీకు పిలుపు వస్తుంది. దయచేసి రా. వచ్చి ఏదో ఒకటి గొణుగు. ఆరోగ్యం బాగా లేదను. దుఃఖంలో మతి లేదను, అది అబద్ధం కూడా కాదు.

రాకపోతే ఏమవుతుందో నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. నీకూ వెలి. వెలిలో నలభై రోజులు మొండికేస్తే బిషప్‌గారి పేర మేం రాజుగారికి ఉత్తరం రాస్తాం. లండన్ నుంచి షెరీఫ్‌కు తాఖీదు వస్తుంది. షెరీఫ్ మనుషులు వచ్చి జైల్లో పెడతారు. మేం ఎవరినీ ముట్టుకోం, బావా. మాకు బంట్లు లేరు, బేడీలు లేవు. ఒక్క ఉత్తరం రాస్తాం, అంతే.

నీకు ముసుగు మీద అంత కక్షా? కన్న తల్లి పక్కన అక్కను పడుకోనివ్వనంత కక్షా? కారణం ఒక్కటి చెప్పు. ఎంత పిచ్చిదైనా సరే, దాన్ని కారణంలా కనపడేట్టు నేను రాస్తాను. నా ఉద్యోగమే అది.

క్రిస్పిన్


వెల్‌మార్ష్, జులై 24

క్రిస్పిన్‌కు,

కోర్టుకు రాలేదు. వెలి ఈ ఆదివారం చదివారు. నేను వెళ్ళలేదు, టామ్సిన్ వచ్చి చెప్పింది. పాదిరిగారు నా పేరు చదువుతూ దగ్గారట.

బడిలో ముగ్గురు పిల్లలు మిగిలారు. రొట్టెల షాపు ఆవిడ నన్ను చూసి తలుపు మూయలేదు కానీ, "ఇవాళ అయిపోయాయండీ," అంది. బల్ల మీద వేడి రొట్టెలు కనపడుతున్నాయి. ఆవిడా చూసింది, నేనూ చూశాను. టామ్సిన్ తనకు కొన్నదాంట్లో సగం తెచ్చిస్తోంది. తెస్తున్నప్పుడల్లా తిడుతోంది. "మొగుళ్ళు పోతే పెళ్ళాలు బతకట్లేదూ? మీకేం వచ్చింది?" అంటుంది.

మీ న్యాయానికి నోరుంది, చేతుల్లేవు అన్నట్టు రాశావు. అదేదో మంచితనంలా రాశావు. చేతులున్నవాడు కొట్టే ముందు ఒకసారి మనిషి మొహం చూడాలి. మీకు ఆ అవసరం లేదు. కొట్టేది షెరీఫ్. షెరీఫ్‌ను అడిగితే బిషప్ అడిగాడంటాడు.

కారణం అడిగావు. ఉంది. ముసుగు కాదు, కక్ష కాదు. నువ్వు ఆ కోర్టు ఉద్యోగివి. నీకు చెబితే నువ్వు కోర్టుకు చెప్పాలి, లేదా దాచి మాట తప్పాలి. ఆ రెండూ నీ నెత్తిన పెట్టను.

గోళ్ళు కొరకడం మానెయ్. మీ అక్క మాట.

ఆంబ్రోస్


నగరం, సెప్టెంబరు 2

బావా,

రాజుగారికి వెళ్ళాల్సిన ఉత్తరం రాశాను. నేనే రాశాను. ఇంకెవరికైనా ఇస్తే నీ పేరు తప్పు రాస్తారు, ఆ తప్పుతో నువ్వు తప్పించుకుంటావని నాకు ముందు తోచింది. తప్పు రాద్దామనుకుని కూర్చున్నాను. ఒప్పే రాశాను. నువ్వు నేర్పిన లాటిన్, ఒక్క అక్షరం పోలేదు.

ఎందుకో చెబుతాను. నువ్వు తోటలో ఉన్నంతకాలం అక్క బయటే ఉంటుంది. నువ్వు నెల రోజులు జైల్లో కూర్చుంటే ఆ గేటు తీసేవాళ్ళు తీస్తారు. అక్క లోపలికి వస్తుంది. అప్పుడు నువ్వు ఏ రోజు కావాలంటే ఆ రోజు బయటికి రావచ్చు. సంఘం ఆజ్ఞలకు లోబడతానని ఒక్క వాక్యం ప్రమాణం. కాగితం నేనే తెస్తాను. గుర్రం తెస్తాను. దారిలో నన్ను ఎంత తిట్టినా పడతాను.

నువ్వు నన్ను అసహ్యించుకున్నా ఫరవాలేదు. పునరుత్థానం రోజున అమ్మ లేచి పక్కన చూస్తే అక్క ఉండాలి. నాకు అంతకంటే తెలీదు.

నువ్వు చెప్పని కారణం ఏదో, అది నీ పట్టుదలేనని అనుకుంటున్నాను. కాకపోతే చెప్పు.

క్రిస్పిన్


జిల్లా జైలు, సెప్టెంబరు 20

క్రిస్పిన్‌కు,

సోమవారం పట్టుకున్నారు. షెరీఫ్ మనుషులు ఇద్దరు. పెద్దవాడికి జలుబు. తాఖీదు తలకిందులుగా పట్టుకున్నాడు, నేను తిప్పి ఇచ్చాను.

"ఏం చేశారండీ మీరు?" అన్నాడు.

"బిషప్ పిలిస్తే వెళ్ళలేదు."

"అంతేనా? నేను ఈస్టర్ నుంచి చర్చి మొహం చూడలేదు." రెండోవాడు నవ్వాడు. "ఊరుకోరా, మన పేరు కూడా రాస్తారు." దారిలో సారా ఇచ్చారు. చేతులు కట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నారు, కట్టకపోతే వాళ్ళ మీదికి వస్తుందట.

ఇక్కడ నేల తడి. మా గదిలో ఒకాయన చర్చికి ఇవ్వాల్సిన దశమభాగం గొర్రెపిల్లల తగాదాలో వెలిపడి వచ్చాడు. ఇది రెండో ఏడాది. ఆ గొర్రెపిల్లల పేర్లు ఇప్పటికీ చెబుతాడు.

కాకపోతే చెప్పు అన్నావు. తోటలో ఇప్పుడు నేను లేను కాబట్టి చెప్పక తప్పదు. ఇక నీ నెత్తినే పెడుతున్నాను.

డామరిస్ పోయే ముందు ఒక్కటే అడిగింది. పాపను తన దగ్గర పెట్టమంది. గురువారం సాయంత్రం నేనూ టామ్సినూ పాపను పెట్టిన చోటు తీశాం. డామరిస్ చేతుల మధ్య పెట్టి, ఇద్దరినీ కలిపి ఒకే గుడ్డలో కుట్టాను. గొయ్యి తెరిస్తే పాదిరి గుడ్డ విప్పించి చూస్తాడు. చూస్తే చట్టం ప్రకారం వేరు చేస్తారు. తల్లి లోపలికి, పాప బయటికి.

అంతకు మించి కారణం లేదు.

ఆమె నీ అక్క. నువ్వు కోర్టు మనిషివి, నువ్వు వద్దంటే హాబ్ తవ్వడు. ఈ ఉత్తరం చేరిన రోజే బయల్దేరు.

ఆంబ్రోస్


వెల్‌మార్ష్, సెప్టెంబరు 21

బావా,

నీ బల్ల దగ్గర కూర్చుని, నీ కలంతోనే రాస్తున్నాను. పని పూర్తయింది. అక్క అమ్మ పక్కన ఉంది. గంట మోగింది. ఊళ్ళో సగం మంది వచ్చారు, రొట్టెల షాపు ఆవిడ ఏడ్చింది.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. నీకు బాధ కలిగిస్తుంది, కానీ నా నోట వినడం మంచిది. హాబ్ పైకెత్తుతూ, "ఇందులో ఒకరే కాదండీ," అన్నాడు. పాదిరి కుట్లు విప్పమన్నాడు. లోపల పాప ఉంది. ఎవరు చేశారో ఈ పని! టామ్సిన్‌ను పిలిచి అడిగితే నా మొహాన ఉమ్మి వెళ్ళిపోయింది, అంటే దాని పనే. నీకు తెలిసి ఉంటే ఒప్పుకునేవాడివి కాదని నేనే పాదిరికి చెప్పాను. "మా బావ చదువుకున్నవాడు, ఇలాంటి మంత్రసాని మూఢత్వం ఆయన గుమ్మం తొక్కదు," అన్నాను.

బాప్తిస్మం లేని పాప లోపలికి రాకూడదు కదా. పాదిరి అదే అన్నాడు. హాబ్ తీయడానికి ఒప్పుకోలేదు. మొదటిసారి చూశాను వాడు కాదనడం. చర్చి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షెరీఫ్ మనుషులు లేరు. చివరికి నేనే దిగాను. అక్క చేతులు గట్టిగా ఉన్నాయి, బావా. మెల్లగానే తీశాను.

పాపను గోడ బయట, ఉత్తరం వైపు దురదగొండి పొదల దగ్గర పెట్టాం. చోటు నాకు గుర్తుంది.

ఇక నిన్ను బయటికి తీసుకురావడమే మిగిలింది. ప్రమాణం కాగితం సిద్ధం చేయిస్తున్నాను. అక్క ఇంటికి చేరింది. నువ్వూ చేరు.

నీ క్రిస్పిన్


నగరం, సెప్టెంబరు 24

బావా,

నీ ఇరవయ్యో తారీకు ఉత్తరం నిన్న అందింది. అప్పటికి నేను వెల్‌మార్ష్ నుంచి తిరిగొచ్చి ఒక రోజు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

నువ్వు జులైలో చెప్పి ఉంటే. నేను జూన్‌లో ఆగి ఉంటే. ఇలాంటివి ఎన్నయినా రాయొచ్చు.

ఆఫీసుకు వెళ్ళలేదు. చేతులు కడుక్కుంటున్నాను, మళ్ళీ కడుక్కుంటున్నాను.

నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను. ఏమీ వద్దంటే అదీ చేస్తాను.

క్రిస్పిన్


జిల్లా జైలు, సెప్టెంబరు 29

క్రిస్పిన్‌కు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు ఇచ్చారు. జైలరు మొదట రెండోది ఇచ్చాడు.

ప్రమాణం చేస్తాను. కాగితం తీసుకుని రా. సంఘం ఆజ్ఞలన్నిటికీ లోబడతానని, ఇంకెప్పుడూ మీరనని చెబుతాను. వాక్యం నాకు నోటికి వచ్చు. జూన్‌లో అబద్ధం ఆడలేని మనిషిని. ఇప్పుడు నాకు అందులో ఇబ్బంది ఏమీ కనపడటం లేదు.

టామ్సిన్ పేరు ఏ కాగితం మీదికీ రానివ్వకు.

నిన్ను తిట్టను. దారిలో తిడతాననుకుంటున్నావు. తిట్టే ఓపిక లేదు, తిడితే నీకు తేలికవుతుంది.

డామరిస్‌ను ఎక్కడ పెట్టారో నేను చూడలేదు. పాపను ఎక్కడ పెట్టారో కూడా చూడలేదు. ఆ రెండు చోట్లూ తెలిసినవాడివి నువ్వు. హాబ్‌ను పిలవకు, ఎవరికీ చెప్పకు. వెల్‌మార్ష్ వెళ్ళాక నువ్వే చూపించాలి, నాతో పాటు నువ్వే దిగాలి. నువ్వు ఏ చేతుల్లోంచి తీశావో ఆ చేతుల్లోనే పాపను పెట్టాలి.

ఇంట్లో ఒకటే పార ఉంది. నీది తెచ్చుకో.

ఆంబ్రోస్